సమస్య: “చుక్క పడిన వెంట చుక్క లెగసె”

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, మిగతా మూడు మీరు పూరించాలి. విషయం, ఇంట్లో కలుపుకునే పూల కాక్‌టెయిల్. పూలపాకం, స్పార్క్‌లింగ్ వైన్ (గ్యాస్ బుడగలుండే వైన్), అంతే. చుక్క అంటే బొట్టు, తార, పుచ్చుకునేది కూడా. ఏ అర్థం ఎక్కడ వాడతారో మీ ఇష్టం. గణాలతో పాటు గ్లాసులో జరిగేదీ చూస్తాను.

ఒకటో పూరణ

పూల పాక మడుగు పోసి పై మెల్లగా
వాలు గాజు లోన వైను నింపి
నిమ్మ తొక్క తీసి నేర్పుగా మెలిబెట్ట
చుక్క పడిన వెంట చుక్క లెగసె

నిర్వాహకుడు: వరస బాగా పట్టారు. పాకం బరువు కాబట్టి ముందు అది, చివర వైన్. గ్లాసు వాల్చి పోస్తే గ్యాస్ నిలుస్తుంది. వా–వై యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) చెల్లుతుంది. “వాలు గాజు” చదివి చేతిగాజు అనుకునేవాళ్లుంటారు, అదొకటి చూసుకోండి. అసలు పేచీ మూడో పాదంతో. తొక్క మెలిపెడితే రాలేది నూనె, దానికి నురుగు అణగడమే ఎక్కువ. వాసన లేస్తుంది, చుక్కలు లేవవు.

రెండో పూరణ

పంచదార పాక పాత్రలో గన్నేరు
రేకులేసి కాచి రేయి యుంచి
పొద్దు వాలినాక పొంగు వైనున వంప
చుక్క పడిన వెంట చుక్క లెగసె

నిర్వాహకుడు: బాబూ, గణాలన్నీ కుదిరాయి, తాగినవాడే మిగలడు! గన్నేరు నిలువెల్లా విషం, నేరుగా గుండెకే తగులుతుంది. కాచినా పోదు. “రేకులేసి” గ్రామ్యం, అది చిన్న తప్పు.

ఇంకో సభ్యురాలు: “గన్నేరు” తీసి “మందార” పెట్టండి. అదీ త-గణమే, యతి స్థానం కాదు కాబట్టి గొడవ లేదు. “రేకు వేసి” అంటే గ్రామ్యమూ పోతుంది. పురుగుమందు కొట్టని పూలే వాడాలి. పంచదార, నీళ్లు సమానంగా మరిగించి, స్టవ్ ఆపాక రేకులు వేసి 20 నిమిషాలు మూత పెడితే చాలు, రాత్రంతా అక్కర్లేదు. నిమ్మరసం పడగానే ఎరుపు ఇంకా తేలుతుంది. గ్లాసుకు 15 మిల్లీలీటర్ల పాకం, 120 వైన్. నేనొకసారి అన్నీ కలిపి షేకర్‌లో ఊపాను, మూత సీలింగ్‌కి తగిలింది. సీసాలో ఒత్తిడి 6 అట్మాస్ఫియర్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి ఆరు రెట్ల దాకా ఉంటుందని తర్వాత తెలిసింది.

మూడో పూరణ

పలుకు చక్కెరందు పన్నీటి తడి దాచి
చలువ వైను పైన జారవిడువ
కన్నులార్పకుండ కాంచె మా యావిడ
చుక్క పడిన వెంట చుక్క లెగసె

నిర్వాహకుడు: ఇదీ పూరణంటే. గరుకు చక్కెర పలుకు మీదే గ్యాస్ బుడగ కడుతుంది, అడుగు నుంచి తీగలా పైకి పాకుతుంది. సమస్యలో ఉన్నది అదే. “చలువ” ఊరికే పడలేదు, 6–8 డిగ్రీల దగ్గర గ్యాస్ ద్రవంలో నిలుస్తుంది, వెచ్చబడితే ఒక్కసారిగా పొంగి పోతుంది. చ–జా యతి సరే. పన్నీరు (గులాబీ నీరు) మాత్రం రెండు మూడు బొట్లు దాటితే సబ్బు వాసన.

మూడో పూరణ కవి: ధన్యవాదాలండీ. కానీ మా ఆవిడ ఒక గుక్క తాగి మరీ తీపి అంది.

నిర్వాహకుడు: తియ్యటి వైన్ మీద చక్కెర పలుకు వేసి ఉంటారు. బ్రూట్ అని రాసి ఉన్న సీసా తీసుకోండి, లీటరుకి 12 గ్రాముల లోపే చక్కెర.

రెండో పూరణ కవి: మందారగా సవరించాను. గన్నేరు పాకం పద్యంలోనే కాచాను లెండి, గిన్నె క్షేమం.