పర్లాకిమిడిలో అయిదుగురున్న ఇంటికి 300 ఎంబీపీఎస్ నిజంగా అవసరమా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మగారు, ప్లస్ టూ చదువుతున్న అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి ఉంటాము. రెండేళ్లుగా 50 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాను వాడుతున్నాము. నెలకు 499 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీతో కలిపి 589 రూపాయలు కడుతున్నాను.

రెండు నెలలుగా సాయంత్రం ఏడు దాటాక అమ్మాయి ఆన్‌లైన్ ట్యూషన్‌లో బొమ్మ నిలిచిపోతోంది, మాష్టారి మాట మధ్యలో తెగిపోతోంది. ఫిర్యాదు చేస్తే కనెక్షన్ ఇచ్చిన కుర్రవాడు వచ్చి, ఇంట్లో ఫోన్లు పెరిగాయి కనుక 300 ఎంబీపీఎస్ ప్లానుకు మారడం తప్ప మార్గం లేదని చెప్పి వెళ్లాడు. ఆ ప్లాను 1,499 రూపాయలు, పన్నుతో 1,769. అంటే నెలకు 1,180 రూపాయలు అదనం, ఏడాదికి 14,160. చిన్న ఎరువుల దుకాణం మీద బతికే మాకు అది చిన్న మొత్తం కాదు. అయితే పిల్ల చదువు దగ్గర లెక్క చూసుకుంటున్నానేమోనన్న బాధ కూడా ఉంది. అందుకే తెలిసినవారిని అడుగుతున్నాను.

మా ఇల్లు పాతకాలపు వరుస ఇళ్లలో ఒకటి. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధి గది, నట్టిల్లు, వంటిల్లు, వాటి వెనక పెరటి గది ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. గోడలు అడుగున్నర మందం. ఫైబర్ పెట్టె వీధి గదిలో ఉంది; అమ్మాయి పెరటి గదిలో చదువుకుంటుంది. మరొక సందేహం కూడా ఉంది. కంప్యూటర్‌లో ఏదైనా దించుకునేటప్పుడు వేగం ఎప్పుడూ 6 ఎంబీ దాటి చూపించదు. 50కి డబ్బు కట్టించుకుని 6 ఇవ్వడం మోసం కాదా?

సమాధానం 1 (రాయగడ నుంచి)

నమస్కారమండీ. టెలిఫోన్ లైన్ల పనిలో ముప్పై ఏళ్లు గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ముందు మీ రెండో సందేహం తీరుస్తాను, ఎందుకంటే అందులో మోసమేమీ లేదు. ప్లానులో చెప్పే 50 అన్నది సెకనుకు 50 మెగాబిట్లు, కంప్యూటర్ చూపించేది మెగాబైట్లు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు కనుక 50ని ఎనిమిదితో భాగిస్తే 6.25 వస్తుంది. మీరు కంప్యూటర్‌లో 6 చూస్తున్నారంటే కట్టిన డబ్బుకు తగిన వేగం ఇంటిదాకా వస్తున్నట్లే. ఆ కంప్యూటర్ వీధి గదిలోనే ఉండి ఉంటుందని నా ఊహ.

ఇక మీ ఇంట్లో సాయంత్రం జరిగే పనులను లెక్క వేద్దాము. టీవీలో ఫుల్ హెచ్‌డీ సినిమాకు 5 మెగాబిట్లు చాలునని నెట్‌ఫ్లిక్స్ సంస్థే చెబుతోంది; 4కే బొమ్మకైతే 15 అంటోంది. వీడియో తరగతికి బొమ్మ నాణ్యతను బట్టి రెండు నుంచి నాలుగు మెగాబిట్లు పడుతుంది. మీ అమ్మగారు ఫోన్‌లో ప్రవచనం వింటూ చిన్న తెర మీద చూసే వీడియోకు ఒకటి లేదా రెండు, మీ శ్రీమతి గారు వాట్సాప్‌లో పుట్టింటివారితో బొమ్మతో మాట్లాడితే మరొక రెండు, ఫోన్లు వాటంతటవి చేసుకునే అప్‌డేట్లకు మూడో నాలుగో వేసుకోండి. అన్నీ ఒకే నిమిషంలో జరిగినా 15, 17 దగ్గర ఆగుతుంది. దానికి రెట్టింపు ఉంచుకుంటే ఏ ఒత్తిడీ ఉండదు. ఇంట్లో 4కే టీవీ ఉండి నిజంగా 4కే సినిమాలే చూస్తే దానికి మరొక 10 కలపండి. మీ 50లో ఇవన్నీ ఇమిడిపోతాయి.

300 ఎంబీపీఎస్ తేడా కనిపించేది పెద్ద ఫైళ్లు దించుకునేటప్పుడు మాత్రమే. పది జీబీ ఉన్న ఆట ఒకటి మీ అబ్బాయి దించుకున్నాడనుకోండి, 50 దగ్గర సుమారు 27 నిమిషాలు, 300 దగ్గర నాలుగున్నర నిమిషాలు పడుతుంది. నెలకు ఒకసారి అలాంటి పని ఉంటే, ఆ 22 నిమిషాల కోసం 1,180 రూపాయలు కట్టాలో వద్దో మీరే నిర్ణయించుకోగలరు. సినిమా మాత్రం 300 ఉన్నా 50 ఉన్నా తనకు కావలసిన 5 మెగాబిట్లే తీసుకుంటుంది. పెద్ద గొట్టం వేయించినంత మాత్రాన కుళాయి కింద పెట్టిన బిందె రెండు బిందెల నీళ్లు పట్టదు కదా.

నా అనుమానమంతా మీ గోడల మీదనే ఉంది. మామూలు ఇంటి వైఫైలో రెండు తరంగ పట్టీలు (బ్యాండ్లు) ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ పట్టీ వేగంగా ఉంటుంది కాని గోడలు దాటేటప్పుడు బాగా బలహీనపడుతుంది, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ కొంత దూరం వెళుతుంది కాని నెమ్మది, పైగా ఇరుగుపొరుగు ఇళ్ల రూటర్లన్నీ అదే పట్టీలో ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. వరుస ఇళ్లలో ఈ పోటీ మరీ ఎక్కువ, ఎందుకంటే రెండు పక్కలా గోడకు ఆనుకునే మరొకరి ఇల్లు ఉంటుంది. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరాక ఆ రూటర్లన్నీ ఒకేసారి పని మొదలుపెడతాయి. మీ వీధి గదికి 300 తెచ్చి పోసినా, మూడు మందపు గోడలు దాటి పెరటి గదికి చేరేది ఇప్పుడు చేరుతున్నంతే.

కనుక ప్లాను మార్చే ముందు ఒక పని చేయండి. ఫైబర్ పెట్టె నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా తీగ తగిలించి ఉదయం ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వేగం కొలవండి. తరువాత ప్రతి గదిలోనూ వైఫై మీద కొలవండి. స్పీడ్ టెస్టులు తరచుగా కనెక్షన్ ఇచ్చిన సంస్థ సొంత సర్వర్‌తోనే కొలుస్తాయి కనుక బయటి దారి ఇరుకుగా ఉన్నా అంకె గొప్పగా కనిపించవచ్చు. ఫాస్ట్ డాట్ కామ్‌లో కూడా ఒకసారి కొలిస్తే, అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్లతో కొలుస్తుంది కనుక పోల్చుకోవచ్చు. అంకెలు కాగితం మీద రాసి ఇక్కడ పెట్టండి.

సమాధానం 2 (బరంపురం నుంచి)

రాయగడ పెద్దాయన గారి లెక్కతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయితే ఒక విషయం ఆయన చెప్పలేదు, అది అప్‌లోడ్, అంటే ఇంటి నుంచి పైకి పంపే వేగం. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇస్తాను. ఒక్కొక్క పెళ్లికి 60 జీబీ దాకా పైకి పంపాలి. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ మాత్రమే ఉన్న రోజుల్లో దానికి ఆరు గంటల నలభై నిమిషాలు పట్టేది. 100 అయ్యాక గంటా ఇరవై నిమిషాల్లో పూర్తవుతోంది. నాకు పెద్ద ప్లాను దండుగ కాలేదు, అది నా జీవనాధారం. కనుక పెద్ద ప్లానులన్నీ అనవసరమని ఎవరూ అనుకోకూడదని నా మనవి.

మీ సంగతి వేరు. అయినా మీ ఇంట్లోనూ అప్‌లోడ్ తన పని తాను చేస్తూ ఉండవచ్చు. ఫోన్లలోని ఫొటోలూ వీడియోలూ వైఫై దొరకగానే క్లౌడ్‌లోకి ఎక్కడం మొదలుపెడతాయి. సాయంత్రం మీరు దుకాణం మూసి ఇంటికి రాగానే అందరి ఫోన్లూ ఒకేసారి ఆ పనిలో పడితే అప్‌లోడ్ దారి నిండిపోతుంది. అప్పుడు రూటర్ దగ్గర వరుస పెరిగి, అమ్మాయి గొంతు మాష్టారికి చేరడానికి మామూలుగా పట్టే కొద్ది మిల్లీసెకన్ల బదులు అర సెకనో సెకనో పడుతుంది. మాట తెగడానికి, బొమ్మ నిలవడానికి ఇది పెద్ద కారణం, కాని వేగం కొలిచే అంకెలో ఇది కనిపించదు. మీ ప్లానులో అప్‌లోడ్ ఎంతో అడిగి తెలుసుకోండి. కొందరు పైకీ కిందికీ సమానంగా ఇస్తారు, కొందరు పైకి చాలా తక్కువ ఇస్తారు, ప్రకటనలో మాత్రం ఒక్క అంకే వేస్తారు.

ప్రభుత్వాలు చెప్పే అంకెలు కూడా ఇంటివాడికి దారి చూపవు. మన దేశంలో 2023 నుంచి 2 ఎంబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అంటున్నారు, అంతకు ముందు 512 కేబీపీఎస్, అంటే సుమారు అర ఎంబీపీఎస్ ఉన్నా అనేవారు. అమెరికాలో 2024లో కిందికి 100, పైకి 20 ఉండాలని నిర్ణయించారు. ఒకటి మరీ తక్కువ, మరొకటి మామూలు ఇంటికి కావలసినదానికంటే ఎక్కువ. అయితే అమెరికావారు అప్‌లోడ్‌ను విడిగా పేర్కొనడం మాత్రం నాకు నచ్చింది.

సమాధానం 3 (సిరోంచ నుంచి)

నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ దగ్గర పల్లెలో ఉపాధ్యాయుడిని. మా వైపు ఫైబర్ ఇంకా ఇళ్లదాకా రాలేదు. 4జీ సిమ్ వేసే రూటర్‌ను మేడ మీద కిటికీ దగ్గర, టవర్ ఉన్న దిక్కుకు పెట్టుకున్నాము. వేగం ఎనిమిది నుంచి పన్నెండు ఎంబీపీఎస్ మధ్య ఉంటుంది. అది నిలకడగా ఉన్న రోజున మా ఇంట్లో ఒక వీడియో పాఠం, ఒక టీవీ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి. నిలకడ లేని రోజున 30 చూపించినా పాఠం సాగదు. మీరు వేగాన్ని కొలిచేటప్పుడు ఒక్కసారి కాక, వరుసగా పది నిమిషాలు గమనించండి. అంకె పడుతూ లేస్తూ ఉంటే చూడవలసింది ఆ తేడాను.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. చెప్పినట్లే నాలుగు రోజులు కొలిచాను. తీగ మీద ఉదయం 48, రాత్రి తొమ్మిదింటికి 41. వీధి గదిలో వైఫై మీద 46, నట్టింట్లో 27, వంటింట్లో 11, పెరటి గదిలో మూడు నుంచి అయిదు. ఒక్కొక్కసారి పెరటి గదిలో ఒకటి కూడా లేదు. అప్‌లోడ్ కూడా 50 అని చెప్పారు. వైఫైని అందుకుని మళ్లీ ముందుకు పంపే రిపీటర్ ఒకటి కొని నట్టింట్లో పెడితే సరిపోతుందని దుకాణదారు అంటున్నాడు. అది కొనమంటారా?

సమాధానం 1 (రాయగడ నుంచి)

మీ అంకెలే సంగతి తేల్చేశాయి. రాత్రిపూట కూడా తీగ మీద 41 వస్తోంది కనుక బయటి లైనులో లోపం లేదు. ఒకవేళ తీగ మీదనే రాత్రి 10కి పడిపోయి ఉంటే ఇరుకు కనెక్షన్ ఇచ్చిన సంస్థ వైపున ఉందని అర్థం, అప్పుడు కూడా పెద్ద ప్లాను దానిని వెడల్పు చేయదు. అంకెలు చూపించి ఫిర్యాదు చేయడమే దారి. మీ నష్టమంతా ఇంటి లోపలే జరుగుతోంది.

రిపీటర్ కొనవద్దు. మామూలు రిపీటర్ ఒకే పట్టీలో వినాలి, మళ్లీ అదే మాటను పలకాలి కనుక వేగం సుమారు సగమవుతుంది, మీ గోడల మధ్య ఆ సగం కూడా దక్కదు. దానికి బదులు ఫైబర్ పెట్టె నుంచి పెరటి గదిదాకా క్యాట్ 6 అనే నెట్‌వర్క్ తీగ లాగించి, అక్కడ ఒక మామూలు రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే తీగలో వచ్చిన నెట్‌ను ఆ గదిలో వైఫైగా పంచే పెట్టెగా అమర్చించండి. ఈ తీగ వంద మీటర్లదాకా వేగం కోల్పోదు, మీ ఇల్లు ఎంత పొడవైనా అందులో నాలుగో వంతు ఉండదు. ఇంట్లో పాత రూటర్ ఉంటే అదీ చాలు. పాత రూటర్లలో చాలావాటి తీగ రంధ్రాలు 100 ఎంబీపీఎస్ దాటవు, కాని మీది 50 కనుక మీకు అది అడ్డు కాదు. ఒకవేళ మీరు 300కు మారి ఉంటే అలాంటి రూటర్ 94 దగ్గరే ఆగిపోయేది, మిగిలిన 200కు ఊరికే డబ్బు కట్టేవారు. ఇలా కడుతున్న ఇళ్లు రాయగడలోనే నేను చాలా చూశాను.

మరొక మాట. మన వైపు వానాకాలంలో కరెంటు పోవడం మామూలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరువాత మీ జిల్లా ఎన్ని రోజులు చీకట్లో ఉందో మీకు నేను చెప్పనవసరం లేదు. అంతటి విపత్తుకు ఇంట్లో చేయగలిగింది లేదు కాని, రోజూ గంటో రెండు గంటలో పోయే కరెంటుకు ఉపాయం ఉంది. ఫైబర్ పెట్టెలూ రూటర్లూ చాలావరకు 12 వోల్టుల మీద నడుస్తాయి. కరెంటు పోయినా వాటిని బ్యాటరీతో నడిపే చిన్న డీసీ యూపీఎస్‌లు దొరుకుతాయి. పెట్టె అడుగున రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకుని సరిపడేది తీసుకోండి. 300 ప్లానుకు ఒక నెలలో కట్టబోయిన అదనపు డబ్బుతోనే అది దాదాపుగా వచ్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం తీగ వేయించాను. వీధి గది నుంచి నట్టింటి దూలం వెంట పెరటి గదిదాకా 22 మీటర్లు పట్టింది. అటక మీద ఉన్న పాత రూటర్‌నే అక్కడ పెట్టాము. ఇప్పుడు అమ్మాయి బల్ల దగ్గర 44 వస్తోంది. ఈ వారం అయిదు రోజులూ పాఠం ఒక్కసారి కూడా ఆగలేదు. బరంపురం మిత్రులు చెప్పిన మాట ప్రకారం ఫొటోల బ్యాకప్‌ను అందరి ఫోన్లలోనూ కట్టేసి, నిద్రపోయే ముందు మాత్రమే తెరుస్తున్నాము. పాత 50 ప్లానునే మరో ఆరు నెలలకు కట్టాను. యూపీఎస్ కోసం ఫైబర్ పెట్టె అడుగున చూస్తే 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది; రెండో రూటర్‌ది 9 వోల్టులు కనుక రెండు రకాలూ ఇచ్చే యూపీఎస్ కోసం వెతుకుతున్నాను.