కీమో మాత్రలు ఆపమని చెప్పే అధికారం ఫార్మసిస్టుకు ఉండాలా?

మధ్యస్థుడు:
క్యాన్సర్‌కు ఇంట్లోనే మింగే కీమో మాత్రలు వచ్చాక రోగి ఆసుపత్రికి రావలసిన రోజులు తగ్గాయి. అటువంటి మాత్రల్లో ఒకటైన కెపెసిటబీన్‌నే ఉదాహరణగా తీసుకుంటే 14 రోజులు రెండు పూటలా మాత్రలు, ఆపైన 7 రోజులు విరామం. ఈ మూడు వారాలలో వైద్యుడు రోగిని చూసేది తరచు ఒక్కసారే. నడుమ ఫార్మసిస్టు ఫోను చేసి బాగోగులు విచారించడం మంచిదేనని అందరూ ఒప్పుకుంటారు. అయితే ఆ ఫోనులో తీవ్రమైన విరేచనాల వంటి ప్రమాద సూచన కనిపించినప్పుడు, వైద్యుడు దొరికేదాకా ఆగకుండా “ఈ పూట మాత్ర వేసుకోవద్దు” అని చెప్పే అధికారం కూడా వారికి ఉండాలా?

కీమోవైద్యుడు:
ఉండకూడదనే అంటాను. విరేచనాలన్నీ మందు వల్లనే రావు. తెల్ల రక్తకణాలు పడిపోయిన రోగికి అవి ఇన్ఫెక్షన్‌కు గుర్తు కావచ్చు. అటువంటివారిని మాత్ర ఆపితే చాలునని ఊరడించి ఇంట్లో కూర్చోబెడితే పరిస్థితి చేయి దాటిపోతుంది. పైగా మానేసిన మోతాదులను తరువాత కలిపి ఇవ్వము కనుక, వ్యాధి పూర్తిగా నయం కావాలని ఇస్తున్న చికిత్సలో అనవసరంగా ఆపిన ప్రతి పూటా నష్టమే. ఫార్మసీ కంటికి అన్నీ కనిపిస్తాయనీ అనుకోవద్దు. 1994లో బోస్టన్‌లో, నాలుగు రోజులకు కలిపి ఇవ్వవలసిన సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు మోతాదును ప్రతిరోజూ అంతేసి చొప్పున నాలుగు రోజులూ ఇవ్వగా రోగి మరణించిన ఉదంతంలో, ఆ మందు ఫార్మసీ చేతుల మీదుగానే వెళ్ళింది.

మందులచీటీ:
నేను ఫార్మసిస్టును. బోస్టన్ ఉదంతాన్ని కాదనను. కాని అక్కడ లోపించింది అడ్డుచెప్పే గొంతు. ఆ గొంతును ఇంకా తగ్గించాలనడానికి అది ఎలా సాక్ష్యమవుతుందో నాకు అర్థం కాలేదు.

కెపెసిటబీన్ వాడుతున్న ఒకావిడకు మొదటి విడత ఆరవ రోజున ఫోను చేశాను. “కాస్త కడుపు చెడింది, అంతేనండీ” అన్నారు. రాత్రి ఎన్నిసార్లు లేచారని అడిగితే లెక్కపెట్టుకుని ఐదు అన్నారు. పగటివి కలిపితే తొమ్మిది. నోరు పూసి నీళ్ళు కూడా మింగలేకపోతున్నారు. అయినా మాత్రలు ఎందుకు ఆపలేదంటే, ఆపితే గడ్డ పెరుగుతుందని భయమట. మామూలు కంటే రోజుకు 4 నుంచి 6 సార్లు ఎక్కువైతే అది విరేచనాల తీవ్రతలో రెండవ స్థాయి, 7 లేదా అంతకు మించితే మూడవది. రెండవ స్థాయిలోనే మందు ఆపాలని ఆ మందుతో వచ్చే పత్రమే చెబుతుంది. మొదటి విడతలోనే ఇంత తొందరగా, ఇంత తీవ్రంగా వస్తే డీపీడీ అనే ఎంజైము లోపం ఉందేమోనని అనుమానించాలి. ఆ లోపం ఉన్నవారి శరీరం మందును సరిగా విరిచివేయలేదు కనుక తరువాతి ప్రతి మాత్రా విషం మీద విషమే. విరుగుడైన యూరిడిన్ ట్రైఅసిటేట్‌ను కూడా చివరి మోతాదు తరువాత 96 గంటలలోపే మొదలుపెట్టాలి. ఆవిడ వైద్యుడు నాకు దొరికేసరికి రాత్రి మాత్రల వేళ దాటిపోయింది. నాకు చెప్పే అధికారం లేదు, ఆవిడ వాటిని మింగేశారు.

కొడుకు:
మా నాన్నగారి విషయంలో ఒకరు ఆపమన్నారు, మరొకరు వేసుకోమన్నారు. ఎవరి మాట వినాలో తెలియక మేమే మూడు రోజులు మోతాదును సగం చేసి ఇచ్చాము. అధికారం ఎవరికిచ్చినా సరే, ఇంటికి చేరే మాట ఒక్కటే ఉండేలా చూడండి.

కీమోవైద్యుడు:
ఆ సగం మోతాదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. విరేచనాలు రెండవ స్థాయికి చేరినప్పుడు తరువాతి పూట ఆపమనడం వరకు ఒప్పుకుంటున్నాను, అయితే అదే రోజు నాకు తెలియజేయాలి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే మాత్రల సంగతి అటుంచి రోగిని నేరుగా అత్యవసర విభాగానికి పంపాలి. మోతాదు తగ్గించడం, మళ్ళీ మొదలుపెట్టడం మాత్రం నా సంతకం మీదే జరగాలి.

మందులచీటీ:
మోతాదు జోలికి మేము రాము. ఆదివారం రాత్రి మీకు ఏ నంబరులో తెలియజేయాలో మాత్రం చికిత్స మొదటి రోజునే చీటీ మీద రాసి ఇవ్వండి.