గీతలు పడిన సీడీలను బాగుచేసే పరికరం కొనడం మంచిదేనా?

మన్నేటి ఒడ్డు (కందుకూరు):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వృత్తిరీత్యా రైతు. అయినా ముప్పై ఏళ్లకు పైగా కందుకూరు, కొండపి, సింగరాయకొండ చుట్టుపక్కల ఊళ్లలో పౌరాణిక పద్యనాటకాలలో శ్రీకృష్ణ పాత్ర ధరించారు. తిరునాళ్లలోనూ శ్రీరామనవమి పందిళ్లలోనూ ఆయన ఆడిన నాటకాలను 2003 నుంచి 2009 వరకు వీడియోవారు చిత్రించి వీడియో సీడీలుగా (వీసీడీలు) ఇచ్చారు. అవి మొత్తం 23 ఉన్నాయి. నాన్నగారు కాలం చేసి మూడేళ్లయింది. ఆయన గొంతు మాకు ఇప్పుడు ఆ డిస్కులలో తప్ప మరెక్కడా లేదు.

అవన్నీ కవర్లు లేకుండా ఒకే గుండ్రని డబ్బాలో ఒకదానిపై ఒకటి ఉండిపోవడంతో ఒరుసుకుని గీతలు పడ్డాయి. వాటిలో 11 బాగానే ఆడుతున్నాయి. 7 డిస్కులు మొదలవుతున్నాయి గాని, మధ్యలో బొమ్మ చిన్న చిన్న గడులుగా విరిగి ఆగిపోతోంది. మిగిలిన 5 డిస్కులను ప్లేయరు అసలు గుర్తించడమే లేదు. ఆన్‌లైన్‌లో చేత్తో తిప్పే పిడి ఉన్న మరమ్మతు పరికరం ఒకటి సుమారు పదిహేను వందల రూపాయలకు కనిపించింది. మా తమ్ముడు టూత్‌పేస్టు రుద్దితే చాలునంటున్నాడు. డబ్బు గురించి నాకు బెంగ లేదు. తెలియని పని చేసి ఉన్నది కూడా పోగొట్టుకుంటానేమోనన్నదే నా భయం. ఇటువంటి పరికరాన్ని స్వయంగా వాడి చూసినవారు ఎవరైనా ఉంటే, అది కొనదగినదో కాదో దయచేసి తెలియజేయండి.

కావలి వీడియో:

అమ్మా, నమస్కారం. నేను కావలిలో పదిహేనేళ్లు పెళ్లి వీడియోలు తీసి, వందల కొద్దీ వీసీడీలు రైట్ చేసి ఇచ్చినవాణ్ని. మీ నాన్నగారి డిస్కుల వంటివి నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. పరికరం సంగతి ఇప్పుడే తేల్చవద్దు. ముందుగా గీత డిస్కుకు ఏ వైపు పడిందో చూడండి, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు చాలావరకు అక్కడే తేలిపోతుంది.

సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా పాలికార్బొనేటు అనే పారదర్శకమైన ప్లాస్టిక్కే. వీడియోవారు ఇంట్లో రైట్ చేసే సీడీ-ఆర్‌లలో ఆ ప్లాస్టిక్ మీద రంగు పూత, దాని మీద వెండితో చేసిన పలుచని పొర, ఆ పైన వార్నిషు, అన్నిటికంటే పైన పేరు రాసే వైపు ఉంటాయి. సమాచారం ఉండేది ఆ రంగు పూతలో, అంటే పేరు రాసే వైపునకు అతి దగ్గరగా. చాలామంది మెరిసే వైపును భద్రంగా చూసుకుని, పేరు ఉన్న వైపును నేల మీద పెడతారు. నిజానికి సున్నితమైనది ఆ వైపే. అక్కడ పడిన గీత వెండి పొరను ఊడదీస్తే ఏ పరికరమూ, ఏ పేస్టూ దానిని తిరిగి తేలేదు. డిస్కును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూడండి. సూదితో పొడిచినట్లు వెలుతురు చుక్కలు గాని, తెల్లని చార గాని కనిపిస్తే, అక్కడి సమాచారం పోయినట్లే. మీ డిస్కులకు కాగితపు స్టిక్కర్లు అంటించి ఉంటే వాటిని పీకవద్దు. స్టిక్కరుతో పాటు వెండి పొర కూడా లేచి వస్తుంది.

మెరిసే వైపు గీత మాత్రమే మరమ్మతుకు లొంగుతుంది. అక్కడ గీత పడితే సమాచారం చెక్కుచెదరకుండానే ఉంటుంది. లేజరు కిరణం దారి తప్పడం వల్ల ప్లేయరు దానిని చదవలేకపోతుంది. పైగా కిరణం ప్లాస్టిక్‌లోకి ప్రవేశించే చోట సుమారు 0.8 మిల్లీమీటరు వెడల్పున ఉండి, సమాచారం ఉన్న పొర దగ్గరకు వచ్చేసరికి చిన్న బిందువుగా కుదించుకుంటుంది కాబట్టి, సన్నని వెంట్రుక గీతలు దానికి అసలు అడ్డే కావు. చూడటానికి భయంకరంగా ఉన్న డిస్కు ఒక్కోసారి చక్కగా ఆడటానికి కారణం ఇదే.

గీత ఏ దిక్కుగా పోయిందన్నది కూడా ముఖ్యమే. సీడీలో సమాచారం లోపలి నుంచి అంచు వైపు చుట్టలు చుట్టుకుంటూ వెళుతుంది. పొలంలో చాళ్లకు అడ్డంగా ఎవరైనా నడిచిపోతే ఒక్కో చాలులో ఒక్క అడుగే చెడుతుంది. చాలు వెంబడే నడిస్తే ఆ చాలంతా పోతుంది. మధ్య నుంచి అంచుకు పోయే గీత మొదటి రకం. సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర చుట్ట చదవడానికి రాకపోయినా, సీడీలో ముందే అల్లి ఉంచిన దోష సవరణ పద్ధతి దానిని పూర్తిగా పూడ్చుకోగలదు. చుట్ట వెంబడి పోయే గీత ఆ పరిమితిని ఇట్టే దాటిపోతుంది. అందువల్లనే డిస్కును తుడిచేటప్పుడు గుండ్రంగా తుడవకూడదు, మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలి.

ఇక చేయవలసిన పని. ఆడుతున్న 11 డిస్కులను ఈరోజే కంప్యూటరులోకి ఎక్కించండి. అన్నిటికంటే ముందు ఇది చేయాలి. తరువాత ఆ 7 డిస్కులను రెండు చుక్కల వంటపాత్రల సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని నూలు గుడ్డతో అద్ది ఆరబెట్టి, కనీసం రెండు వేర్వేరు కంప్యూటరు డిస్కు డ్రైవులలో పెట్టి చూడండి. ఒక డ్రైవు మొరాయించిన డిస్కును మరొక డ్రైవు అవలీలగా చదవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ పదిహేను వందల రూపాయలు చేతిలో ఉంటే, నేను ముందుగా యూఎస్‌బీకి తగిలించే డీవీడీ రైటరు కొంటాను.

ఒంగోలు డిస్కులు:

కావలివారు చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను. ఒంగోలులో నేను ఎనిమిదేళ్లు సీడీలు అద్దెకిచ్చే దుకాణం నడిపాను. చేత్తో తిప్పే పరికరమూ, తరువాత మోటారుతో తిరిగేదీ రెండూ వాడాను కాబట్టి వాటి సంగతి మాత్రం చెబుతాను.

ఈ పరికరాలు గీతను పూడ్చవు. గీత చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను సన్నగా అరగదీసి, గీత అడుగుదాకా దానిని సమం చేస్తాయి. పరికరంతో వచ్చే ద్రవాన్ని చిమ్మి పిడి తిప్పితే, మెత్తని గరుకు చక్రం డిస్కు మీద మధ్య నుంచి అంచుకు సన్నని చారలు వేసుకుంటూ తిరుగుతుంది. ఆ తరువాత డిస్కు అద్దంలా ఉండదు, మసకబారినట్లు ఉంటుంది. అది చూసి కంగారు పడి మళ్లీ మళ్లీ తిప్పినవారు నాకు తెలుసు, అలా చేయకూడదు. చారలు చాళ్లకు అడ్డంగా ఉన్నంత వరకు లేజరుకు ఇబ్బంది లేదు.

వేలి గోటికి తగలని గీతలైతే ఇది చాలావరకు పనిచేసింది. గోరు ఆగిపోయేంత లోతైన గీతలకు చేతి పరికరం చాలదు. మోటారు యంత్రం వాటిని కూడా తీస్తుంది, కాని దాని ధర ఒక ఇంటి అవసరానికి ఏ మాత్రం తగదు. వారానికి వంద డిస్కులు అద్దెకు తిరిగే దుకాణానికి ఆ ఖర్చు గిట్టుబాటు అయింది. ఏడు డిస్కుల కోసం చేతి పరికరం కొనడం కూడా నా దృష్టిలో అనవసరమే, ఎందుకంటే అదే పనిని చేత్తో కూడా చేయవచ్చు.

టూత్‌పేస్టు గురించి మీ తమ్ముడు చెప్పినది పూర్తిగా తప్పు కాదు. అందులో ఉండే సన్నని పొడి కూడా ప్లాస్టిక్‌ను అరగదీసేదే. తెల్లని పేస్టు వాడాలి, జెల్ పనికిరాదు. ఇత్తడి సామాను తోమే బ్రాసో గాని, కార్ల హెడ్‌లైట్లకు పట్టించే పాలిష్ గాని పేస్టు కంటే ఒకే తీరుగా పనిచేస్తాయని నా అనుభవం. పప్పు గింజంత తీసుకుని, తడి నూలు గుడ్డతో, గీత ఉన్న చోట మాత్రమే, మధ్య నుంచి అంచుకు నాలుగైదు నిమిషాలు ఓపికగా రుద్ది కడిగివేయండి. ముందుగా పోయినా ఫరవాలేదనుకునే ఒక పాత పాటల సీడీ మీద చేయి అలవాటు చేసుకోండి. గోళ్లరంగు తీసే ద్రవం, థిన్నరు, పెట్రోలు మాత్రం డిస్కు దరిదాపులకు రానీయవద్దు. గోళ్లరంగు తీసే ద్రవంలో ఉండే ఎసిటోను తగిలితే పాలికార్బొనేటు తెల్లగా మారి పగుళ్లు బారుతుంది.

ఇక్కడ చదివే మరికొందరి కోసం ఒక మాట. డీవీడీలో సమాచారం రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల నడుమ ఉంటుంది కాబట్టి, పేరు వైపు గీత దానికి అంత ప్రమాదం కాదు. బ్లూ-రేలో మాత్రం సమాచారానికి పైన ఉండేది 0.1 మిల్లీమీటరు పొరే. దానిని ఈ పరికరాలలో పెట్టడం అంటే చేజేతులా పాడుచేసుకోవడమే.

పెన్నాతీరం (కోవూరు):

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు మా ఇంట్లోకి మోకాలి లోతు నీరు చేరి, డిస్కుల అట్టపెట్టె రెండు రోజులు బురదలో నానిపోయింది. ఎండిన బురదను గుడ్డతో తుడిచినందువల్ల మొదటి నాలుగు డిస్కులు ఇసుక రాపిడికి పాడయ్యాయి. తరువాత మిగిలినవాటిని పారే నీటి కింద పట్టి, చేయి తగలనీయకుండా మట్టిని వదిలించి నీడన ఆరబెడితే దాదాపు అన్నీ ఆడాయి. ఎండలో మాత్రం ఆరబెట్టవద్దు, సీడీ-ఆర్‌లోని రంగు పూత వెలిసిపోతుంది. మీ డిస్కులలో ప్లేయరు గుర్తించని 5 కిటికీ పక్కన గాని, డబ్బాలో అన్నిటికంటే పైన గాని ఉన్నవేమో ఒకసారి చూడండి.

కావలి వీడియో:

మరొక సంగతి నిన్న చెప్పడం మరచాను. వీసీడీలో బొమ్మ ఉండే భాగానికి, డేటా సీడీలో ఉండే అదనపు దోష సవరణ ఉండదు. ఆ చోటును కూడా బొమ్మకే వాడుకుని, ఒక్కో సెక్టారులో (డిస్కు మీద సమాచారాన్ని విడగొట్టిన చిన్న ముక్కలో) 2,048కి బదులు 2,324 బైట్లు నింపుతారు. అందువల్ల మామూలుగా కాపీ చేయబోతే చిన్న దోషం దగ్గరే విండోస్ ఆగిపోయి మొత్తం ఫైలును వదిలేస్తుంది. ఐసోబస్టర్ వంటి ప్రోగ్రాము చదవలేని సెక్టారును దాటుకుని మిగిలినది తీసుకుంటుంది. డ్రైవు వేగాన్ని తగ్గించి చదివించండి. నాటకంలో ఒకటి రెండు క్షణాల బొమ్మ పోయినా పద్యం నిలుస్తుంది.

ఇంకొకటి. నాటకాన్ని చిత్రించినప్పుడు మేము ఒక్క ప్రతితో ఆపేవాళ్లం కాదు. హార్మోనియం వాయించినవారికి, అర్జున, దుర్యోధన పాత్రధారులకు, నాటకం కట్టించిన పెద్దలకు తలా ఒకటి ఇచ్చేవాళ్లం. ఆ ఇళ్లలో అడిగి చూడండి. రెండు ప్రతులూ పాడై ఉన్నా, రెండింటిలోనూ గీతలు ఒకే చోట పడవు కదా.

మన్నేటి ఒడ్డు (కందుకూరు):

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మూడు వారాల తరువాత ఫలితం రాస్తున్నాను. మరమ్మతు పరికరం కొనలేదు, యూఎస్‌బీకి తగిలించే డీవీడీ రైటరు కొన్నాను. మధ్యలో ఆగిపోతున్న 7 డిస్కులలో 4 కడిగి కొత్త డ్రైవులో పెట్టగానే చివరి వరకు కాపీ అయ్యాయి. ఒక పాత సీడీ మీద రెండు రోజులు చేయి అలవాటు చేసుకున్న తరువాత, మరో రెండింటిని తెల్ల పేస్టుతో రుద్దాను, రెండూ ఆడాయి. ఏడవదానిలో గీత గోటికి తగులుతోంది కాబట్టి దానిని ముట్టుకోలేదు. ఐసోబస్టర్‌తో వచ్చినంత తీసుకుని భద్రపరిచాను.

ప్లేయరు గుర్తించని 5 డిస్కులలో 3 లైటుకు ఎదురుగా పట్టుకుంటే చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపించింది. వాటిలో ఒకదాని స్టిక్కరును చిన్నప్పుడు నేనే పీకాను, ఆ సంగతి గుర్తొచ్చి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. మిగిలిన రెండూ రంగు వెలిసినవే. అయితే హార్మోనియం వాయించిన మామయ్యగారి ఇంట్లో, కాగితపు కవరులో పెట్టి గూట్లో దాచిన తొమ్మిది డిస్కులు దొరికాయి. వాటిలో రెండు మా దగ్గర పూర్తిగా పోయినవే. ఒకటి 2006లో ఆడిన రాయబారం. నాన్నగారు సభలో నిలబడి అందుకున్న మొదటి పద్యంలో మూడవ పాదం దగ్గర బొమ్మ గడులుగా విరిగింది గాని, గొంతు మాత్రం రాగం తెగకుండా చివరి దాకా వచ్చింది. ఆ రాత్రి అమ్మ దానిని నాలుగుసార్లు పెట్టించుకుని విన్నది.