చూడ చూడా, చూడఁ జూడా?

బరంపురం, ల్యాబు విద్యార్థిని: నమస్కారం అండీ. కొత్త జూనియర్ల కోసం ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు పోనిచ్చి గుర్తించే పద్ధతి) శాంపిల్ తయారీ మీద గోడ చార్టు రాస్తున్నాను. తెల్లకణాల్లో టీ కణం, బీ కణం మైక్రోస్కోపులో ఒక్కలాగే కనిపిస్తాయి. టీ కణం మీది సీడీ3, బీ కణం మీది సీడీ19 అనే ప్రోటీన్లను వాటి యాంటీబాడీలు పట్టుకున్నాకే ఏది ఏదో తెలుస్తుంది. అందుకే పైన "ఉప్పు కప్పురంబు" పెడదామనుకున్నా. రెండో పాదం దగ్గర ఆగిపోయాను. అమ్మ "చూడ చూడ రుచుల" అంటుంది, మా తాతగారు "చూడఁ జూడ" అనేవారు. ఏది రాయను?

పర్లాకిమిడి, రిటైర్డ్ మాస్టారు: "చూడన్" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. తర్వాతి చకారం జకారం కావాల్సిందే. "తినగ దినగ వేము" అని వేమన పేరుతోనే ఉందిగా, అక్కడ "తినగ తినగ" అని రాస్తామా?

రాయగడ: రాస్తున్నారు మాస్టారూ, పాఠ్యపుస్తకాల్లోనే. యతి సంగతి చూస్తే చూడ, జాడ ప్రాసయతి, అంటే రెండో అక్షరం "డ" కలిస్తే చాలు. రెండు పాఠాలూ నిలుస్తాయి, ఛందస్సు తీర్పు చెప్పదు. నన్ను తొలిచేది "చూడ" అర్థం. కంటితోనా, నాలుకతోనా? మనం రుచి "చూస్తాం" కదా. పోలికతో కంటి పని మొదటి పాదంలోనే అయిపోయింది. ఇక్కడ నాలుకే.

పర్లాకిమిడి: కాదు. "తినగ దినగ" లాగే ఇదీ అభ్యాసం. పరిశీలించగా పరిశీలించగా అని.

బరంపురం: మాస్టారూ, మా దగ్గర ఎంత పరిశీలించినా కంటికి దొరకదండీ. నేను రాయగడ అన్నయ్య పక్షం.

జయపురం: ఎవరూ "రుచి" జోలికి పోలేదేం? సంస్కృతంలో రుచి అంటే కాంతి కూడా. 488 నానోమీటర్ల లేజరు తగిలితే యాంటీబాడీలకి అంటించిన రంగుల్లో ఎఫ్ఐటీసీ ఆకుపచ్చగా, పీఈ పసుపు నారింజగా వెలుగుతాయి. కాంతుల జాడ వేరు! చెల్లెమ్మ చార్టుకి ఇంతకంటే ఏం కావాలి?

పర్లాకిమిడి: చార్టుకి బాగుంది, వేమనకి కాదు. ఉప్పు పక్కన ఆ అర్థం తెస్తే ఆయన పద్యం కాకుండా పోతుంది. జనం నోట ఉన్న అర్థమే ఆయనది. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లో పాఠాలు చెబుతూ, సవర గిరిజనుల నోట విని వాళ్ల భాష నేర్చుకున్నారు. నోట ఉన్నదే భాష అని పోరాడారు.

రాయగడ: అయితే గిడుగువారి లెక్కన వాళ్ల అమ్మగారి "చూడ చూడ" గెలిచింది!

పర్లాకిమిడి: పద్యం వేరు, వాడుక వచనం వేరు. బ్రౌను 1829లో అచ్చువేసిన వేమన సంకలనం చూడాలి. ఆయన ఎన్నో ప్రతులు పోల్చాడు.

బరంపురం: చూసి చెప్పండి మాస్టారూ. ఈలోగా మిగతాది రాసేస్తున్నా. అమ్మోనియం క్లోరైడుతో ఎర్రకణాలు పగలగొట్టాలి. చల్లని ఉప్పు ద్రావణం పీబీఎస్‌తో కడగాలి, అందులో ఉప్పు లేకపోతే మనకి కావలసినవీ ఉబ్బి పగులుతాయి. కణాల గడ్డలు యంత్రం నాజిల్‌ని మూసేయకుండా 40 మైక్రాన్ల జాలీలో వడకట్టాలి. యాంటీబాడీ కలిపి చీకట్లో, 4 డిగ్రీల దగ్గర 20, 30 నిమిషాలు ఉంచాలి. చివర్లో చచ్చిన కణాలకి రంగు. అవి ఏ యాంటీబాడీనైనా ఊరికే అంటించుకుని ఫలితం చెడగొడతాయి. అక్కడ "పురుషులందు పుణ్యపురుషులు వేరయా" రాస్తున్నా.

జయపురం: భేష్. రెండో పాదంలో మాత్రం "రుచుల" రంగు పెన్నుతో రాయమ్మా.

రాయగడ: "పుణ్యపురుషులు" అంటే ఇక్కడ బతికున్నవాళ్లనా? ఆ మాట మీద నాకు వేరే అభిప్రాయం ఉంది, రాత్రికి రాస్తాను.