అల్లం మడుల్లో మొక్కలు వాలిపోతున్నాయి, ఏం కొట్టమంటారు?

ప్రశ్న (చింతపల్లి మండలం రైతు):
సార్, అర ఎకరంలో అల్లం వేశాం. కొండ వాలు నేల. విత్తనం సంతలో కొన్నాం, మే నెలాఖరులో పెట్టాం. మొన్నటిదాకా బాగానే ఉంది. పది రోజులుగా విడవని వాన. ఇప్పుడు పై మడుల్లో మొక్కలు వాలిపోతున్నాయి, కింద మడుల్లో ఆకులు పసుపెక్కుతున్నాయి. మందుల కొట్లో అడిగితే యూరియా వేయమని, ఒక పురుగుల మందు కూడా ఇచ్చారు. యూరియా వేసేశాను. మా నాన్న మొత్తం పీకేద్దామంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఉద్యాన విస్తరణ ఉద్యోగి):
తమ్ముడూ, ముందు ఆ పురుగుల మందు పక్కన పెట్టు. మొవ్వు ఎండిపోయి, కాండానికి కన్నం, దాని నోట పిప్పి కనిపిస్తేనే పురుగు అనుకోవాలి. యూరియా కూడా ఇక వద్దు. పైన ఒక తెగులు, కింద ఇంకోటి అయి ఉండొచ్చు. పీకేద్దామా వద్దా అన్నది రేపు పొద్దున తేలుతుంది, ఒక గాజు గ్లాసు చాలు.

వాలిన మొక్క కాండం మొదట్లో రెండంగుళాల ముక్క కోయి. గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన మొన నీళ్లలో మునిగేలా ముక్కను దారంతో వేలాడదీయి. కదపకు. కొద్ది నిమిషాల్లో ఆ మొన నుంచి అగరొత్తి పొగలా తెల్లటి చార కిందకి జారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. చార రాకుండా, మొక్కను లాగితే మొదలు మెత్తగా ఊడివచ్చి, దుంప కంపు కొడితే దుంపకుళ్లు. పై మడికీ కింద మడికీ వేరువేరుగా చూడు, కత్తి కడిగి వాడు.

ఇంకో రైతు (జి.మాడుగుల వైపు):
నాలుగేళ్ల కిందట నాకూ ఇదే. పీకిన మొక్కలు గట్టు కింద గెడ్డలో (వాగులో) పారేశాను, బుద్ధి తక్కువై. ఆ నీళ్లే మా బావ మడికి వెళ్లాయి. ఏడాదంతా మాటల్లేవు మా మధ్య.

ప్రశ్న వేసిన రైతు:
చూశాను సార్. పై మడి ముక్క నుంచి చార వచ్చింది, మా అమ్మే ముందు చూసింది. కింద మడి ముక్కకి రాలేదు, దుంప మాత్రం కంపు.

జవాబు (ఉద్యాన విస్తరణ ఉద్యోగి):
అయితే పై మడిలో ఖర్చు పెట్టకు. ఆ తెగులు పట్టిన మొక్కని బతికించే మందు లేదు. వాలిన వాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా గోనె సంచిలోకి తీసి, పొలం బయట కాల్చెయ్. గుంటలో బ్లీచింగ్ పౌడర్ చల్లు. అన్నిటికంటే అవసరమైంది నీరు. పై మడి కింద అడ్డంగా కాలువ తవ్వి, ఆ నీళ్లు కింద మడుల్లోకి దిగకుండా పక్కకి తిప్పు, ఎవరి పొలంలోకీ పోకుండా చూసుకో. కింద మడుల్లో పని ముందు ముగించుకుని, పైకి తర్వాత వెళ్లు. పార, కాళ్లు కూడా తెగుల్ని మోస్తాయి.

కింద మడుల్లో కుళ్లినవి తీసేసి, నిలిచిన నీరు బయటికి పోనిచ్చి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొక్క మొదళ్లు తడిసేలా పొయ్యి. ఆకుల మీద కొడితే దండగ. మీకు కాఫీ తోట కూడా ఉండి, అది సేంద్రియ ధ్రువీకరణలో ఉంటే మాత్రం, ఈ మందు వాడొచ్చో లేదో ముందు మీ సంఘంలో అడుగు.

వచ్చే ఏడు ఆ పై మడిలో అల్లం వద్దు. టమాటా, వంగ, మిరప, బంగాళదుంప కూడా వద్దు, వాటికీ ఇదే తెగులు. చోళ్లో (రాగులు) మొక్కజొన్నో వెయ్యి. అల్లం ఇంకో చోట వేస్తే మడులు జానెడు ఎత్తు ఉండాలి. విత్తనాన్ని లీటరుకు 3 గ్రాముల మాంకోజెబ్ నీళ్లలో అరగంట నానబెట్టి నీడలో ఆరబెట్టాలి. అది కుళ్లుకే, దుంప లోపలున్న బ్యాక్టీరియా దానికి చావదు. అందుకే విత్తనం సంతలో కొనకుండా, ఇప్పుడే తెగులు లేని తోట చూసి చెప్పి పెట్టుకో.

ప్రశ్న వేసిన రైతు:
సరే సార్. మిగిలిన అల్లం తవ్వాక అమ్ముకోవచ్చా?

జవాబు (ఉద్యాన విస్తరణ ఉద్యోగి):
గట్టిగా ఉన్న దుంపలు కూరకి అమ్ముకో, తినేవాళ్లకి ఇబ్బంది లేదు. విత్తనానికని ఎవరడిగినా ఇవ్వకు.

ప్రశ్న వేసిన రైతు:
మా మావయ్య నిన్ననే అడిగాడు సార్, రెండు బస్తాలు విత్తనానికి ఉంచమని. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను.