‘రాజ్‌పథ్’లో రాజు ఉన్నాడా?

ప్రశ్న: ఢిల్లీలో ‘కింగ్స్‌వే’ స్వాతంత్ర్యం వచ్చాక ‘రాజ్‌పథ్’ అయింది. 2022 సెప్టెంబరులో అదే ‘కర్తవ్య పథ్’ అయింది. ‘రాజ్‌పథ్’ ఉత్త అనువాదమేనా? తెలుగులో ఈ పేర్లు ఎలా రాయాలి?

జవాబు: ఉత్త అనువాదం కాదండీ. ఆ దారిని అడ్డంగా దాటే ‘క్వీన్స్‌వే’ని చూడండి. అనువాదమే అయితే దానికి ‘రాణీపథ్’ అని రావాలి. ‘జన్‌పథ్’ అని పెట్టారు. హిందీలో ‘రాజ్’ అంటే పాలన కూడా కాబట్టి, పాలనకొక దారి, ప్రజకొక దారి అన్న జంట కుదిరింది. పైగా సంస్కృతంలో ‘రాజపథం’ అంటే పెద్ద దారి. మన రాచబాట, రాజమార్గం కూడా అంతే. రాజమార్గాన వచ్చాడంటే దొడ్డిదారిన రాలేదని అర్థం, రాజుతో పనిలేదు. రాచపుండు అంటే పెద్ద పుండే కదా!

మరొకరు: అర్థం వరకు ఒప్పుకుంటాను. కానీ వీధి పేరుకు నిఘంటువొక్కటే సాక్ష్యం కాదు. ‘కింగ్’ ఉన్నచోటే ‘రాజ్’ వచ్చి కూర్చుంటే జనానికి పాత పేరే వినబడుతుంది. బానిసత్వపు గుర్తు చెరిపేశామన్నది 2022లో మార్చినవారి వాదన. దాన్ని వ్యుత్పత్తితో ఖండించలేం, నిలబెట్టనూలేం. నాకు బాధ కలిగించేది వేరు: ‘జన్‌పథ్’ అలాగే ఉండిపోయింది, జంట మాత్రం తెగిపోయింది.

జవాబు: అవునండీ, అది నిజంగా నష్టమే. ఇక రాత సంగతి. ‘పథ్’కు మూలం సంస్కృత శబ్దం ‘పథిన్’. సమాసం చివర ‘పథ’ అవుతుంది (పాణిని వ్యాకరణ సూత్రం 5.4.74). ‘పథిన్’కు ప్రథమా ఏకవచనమైన ‘పంథాః’ నుంచే మన ‘కొత్త పంథా’ వచ్చింది. అందుకని ‘థ’ రాయాలి, ‘పధం’ తప్పు. ‘పథకం’ కూడా ఇలాగే ‘పధకం’గా చెడుతోంది. ‘కర్తవ్యం’లో ‘తవ్య’ ప్రత్యయం, అంటే చేయవలసినది. చిరునామాలో, వార్తలో పేరును పేరుగానే ‘కర్తవ్య పథ్’ అని ఉంచండి. వ్యాసంలో వాక్యం నడక కోసం ‘కర్తవ్యపథం’ అన్నా తప్పులేదు, ఒకే వ్యాసంలో రెండూ కలపకపోతే చాలు. కంప్యూటర్లో విభక్తి చేర్చేటప్పుడు పొల్లు తర్వాత కనబడని విడదీత గుర్తు (ZWNJ) పెట్టాలి. లేదంటే ‘పథ్‌లో’ కాస్తా ‘పథ్లో’ అయి, ‘థ’ కింద లావత్తు పడుతుంది.