గడ్డి జన్యువులు చదివితే మన చేన్లో గడ్డి చస్తుందా?

పీజీ చంద్రగిరి:
నిన్న క్లాసులో మొదలైన గొడవ హాస్టల్ మెస్ దాకా వచ్చింది, అయినా తేలలేదు. ఇక్కడ సేద్యం చేసేవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నా. ఇన్నాళ్లూ కొత్త గడ్డి మందు కనిపెట్టడమంటే వేల రసాయనాలు తెచ్చి మొక్కల మీద కొట్టి, ఏది పనిచేస్తే దాన్ని పట్టుకోవడం. ఆ దారిలో 1980ల తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు కొత్త రకంగా పనిచేసే మందు చెప్పుకోదగ్గది రాలేదు. డబ్బాలు మారాయి, మొక్కలో దెబ్బ కొట్టే చోటు మాత్రం పాతదే. ఇప్పుడేమో ముందు కలుపు మొక్క జన్యువులు చదివి, ఏ ఎంజైమును (మొక్క లోపల పనులు నడిపే ప్రోటీన్‌ను) ఆపితే అది తప్పించుకోలేదో చూసుకుని, దానికి తగ్గ మందు వెతుకుదాం అంటున్నారు. నేను దీనివైపే. మీరేమంటారు?

నగరి షాపు:
మంచిదే కదా. కొత్త మాలిక్యూల్ వస్తే రైతుకూ మేలే, మాకూ మేలే. పాతవి సగం పనిచేయడం లేదు.

పులిచెర్ల రైతు:
సగం పనిచేయడం లేదని అమ్మేవాళ్లే చెప్తున్నారు, అందరూ చదువుకోండి.
నాయనా చంద్రగిరీ, నా సంగతి విను. రెండెకరాల చెనిక్కాయ. ఇమాజెథాపైర్ కొట్టినా. మిగతా గడ్డి మాడింది కానీ గునుగు తల కూడా వంచలేదు. షాపుకు పోతే "రెసిస్టెన్స్ వచ్చిందన్నా, గడ్డి ఈ మందును తట్టుకుంటోంది, ఇంకో డబ్బా తీసుకో" అన్నాడు. ఆ ముక్క ఆయనకు నేర్పింది మీ చదువులే. గడ్డిని మార్చింది మందు. మారిన గడ్డికి మళ్లీ మందు! మా నాయన కాలంలో గుంటక తోలి, మిగిలింది చేత్తో తీసేవాళ్లు. ఏ రెసిస్టెన్సూ లేదు.

పీజీ చంద్రగిరి:
అన్నా, ఒక్క సవరణ. మందు గడ్డిని మార్చదు. మారిన మొక్క ఒకటో రెండో చేన్లో ముందే ఉంటాయి. మందు పక్కవాటిని చంపి వాటికి జాగా ఇస్తుంది, అంతే. దీనికి రుజువుంది. ఐరోపాలో గోధుమ చేలల్లో వచ్చే బ్లాక్ గ్రాస్ అనే గడ్డి పాత నమూనాలు, కాగితాలకు అతికించి దాచినవి 734, ఫ్రాన్స్ పరిశోధకులు బయటికి తీసి డీఎన్ఏ చదివారు. 1888లో సేకరించిన ఒక మొక్కలో క్విజాలోఫాప్ లాంటి మందుల్ని తట్టుకునే మార్పు కనబడింది. అప్పటికి ఆ మందులు పుట్టనే లేదు.

పులిచెర్ల రైతు:
1888 నాటి ఎండుగడ్డి నాకెందుకు? ఆ ఒక్క మొక్క ఊరంతా ఎట్లా నిండింది? మందు కొట్టబట్టే కదా? మరి మందు మార్చలేదంటావేం?

పీజీ చంద్రగిరి:
మార్చడం వేరు, ఏరడం వేరు అన్నా.

పులిచెర్ల రైతు:
నా గునుగుకు ఆ తేడా తెలియదు.

కాళాస్తి వరిమడి:
ఇద్దరూ చెప్పేది ఒకటే కదబ్బా.

పులిచెర్ల రైతు:
ఒకటి కాదు.

పీజీ చంద్రగిరి:
ఒకటి కాదు.

కాళాస్తి వరిమడి:
సరే సామీ. నా మాట కూడా వినండి. వరిలో నేను బిస్పైరిబాక్ కొడతా. మొదట్లో ఊద వారానికల్లా పసుపెక్కి పోయేది. ఇప్పుడు మడవ దగ్గర గుత్తులు గుత్తులుగా నిలబడుతోంది. మందు మార్చమని చెప్తే ఏ మందుకు మార్చాలో ఎవరూ చెప్పరు.

పీజీ చంద్రగిరి:
అసలు చిక్కు అదే. మీ బిస్పైరిబాకూ, పులిచెర్ల అన్న ఇమాజెథాపైరూ మొక్కలో కొట్టేది ఒకే ఎంజైమును, పేరు ఏఎల్ఎస్. ఈ తరగతిలో క్లోర్‌సల్ఫ్యూరాన్ 1982లో మార్కెట్లోకి వచ్చింది, 1987కే తట్టుకునే గడ్డి బయటపడింది. ఐదేళ్లు! ఆ ఎంజైము జన్యువులో ఒక్క అక్షరం మారినా మందు పట్టు జారుతుంది, మొక్క మాత్రం హాయిగా బతుకుతుంది. జన్యువులు ముందే చదివి ఉంటే, ఇది సులువుగా తప్పించుకునే చోటని మందు రాకముందే తెలిసేది. మారితే మొక్కే చచ్చే చోటును వెతుక్కోవాలి.
ఇంకోటి, చేత్తో తీస్తే గడ్డి మారదన్నారు. మారుతుంది. చైనాలో ఊద జన్యువులు చదివి 2019లో ఒక పరిశోధన వచ్చింది. వందల ఏళ్లుగా రైతులు ఊదను చేత్తో పీకుతుంటే, వరి పిలకలా నిటారుగా కనబడే మొక్కలు తప్పించుకుని మిగిలాయి. చివరికి ఊద వరి వేషం కట్టేసింది.

కాళాస్తి వరిమడి:
ఇది మాత్రం నిజం. చిన్నప్పుడు వరి అనుకుని ఊదను వదిలేసి, పక్కనున్న వరి పీకి మా నాయన చేత తిట్లు తిన్నా. కాడను ఆకు పట్టుకునే చోట వరికి చిన్న పొరలాంటి నాలుక ఉంటుంది, ఊదకు ఉండదు. అది చూసుకుని పీకాలి.

పులిచెర్ల రైతు:
కథలు బాగున్నాయి. నేనడిగిందానికి జవాబు రాలేదు. గడ్డి తట్టుకుంటోందా లేదా తెలియడానికి జన్యువెందుకు? నాలుగు కుండలు చాలు. నా చేన్లో గునుగు గింజ రెండింట్లో, ఎప్పుడూ మందు పడని గుడి మాన్యం గింజ రెండింట్లో వేసి, అన్నింటికీ ఒకే మోతాదు కొట్టి చూస్తే తేలిపోదా?

పీజీ చంద్రగిరి:
బతికిందా చచ్చిందా అన్నది కుండ చెప్తుంది. ఎట్లా బతికిందో చెప్పదు. మందు తగిలే చోటు మారి బతికితే వేరే రకం మందుకు చస్తుంది. మందును లోపలే విరిచేసి బతికితే, ఎన్నడూ కొట్టని మందును కూడా తట్టుకోవచ్చు. ఆస్ట్రేలియాలో రై గడ్డిలో ఒక్క జన్యువు ఐదు రకాల మందుల్ని విరిచేస్తోందని 2021లో తేలింది. అట్లాంటి గడ్డి ముందు డబ్బా మార్చి ఏం లాభం?
మీ గునుగు బంధువు సంగతి చెప్తా. అమెరికాలో జార్జియా కూడా మనలాగే వేరుశనగ పండించే చోటు. అక్కడ పామర్ తోటకూరని ఒకటుంది, గునుగుదీ దానిదీ ఒకే కుటుంబం. గ్లైఫోసేట్‌ను తట్టుకుంది. జన్యువులు చూస్తే, మందు అడ్డుకోవాల్సిన ఎంజైము తాలూకు జన్యువు నకళ్లు కొన్ని మొక్కల్లో 160 దాటాయి. ఒక తలుపుకు తాళం వేస్తే నూటఅరవై తలుపులు పెట్టుకుంది.

పులిచెర్ల రైతు:
తెలుసుకున్నారు, సరే. చచ్చిందా?

పీజీ చంద్రగిరి:
చావలేదు. పత్తి చేలల్లో మళ్లీ కూలీలను పెట్టి చేత్తో పీకించారు.

పులిచెర్ల రైతు:
హమ్మయ్య. చివరికి మా నాయన దగ్గరికే వచ్చినారు.

సోమల అక్క:
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నా. "పీకించారు" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మా అమ్మ పెళ్లయినప్పటి నుంచి కలుపు కూలికి పోయింది. ఇప్పుడు నిలబడితే మనిషి సగానికే లేస్తుంది. పులిచెర్ల అన్నా, మీ నాయన కాలంలో గుంటక తోలింది మీ నాయన. మిగిలింది చేత్తో తీసింది ఎవరు?

నగరి షాపు:
బాగా అడిగినావక్కా.

పులిచెర్ల రైతు:
నువ్వు మాట్లాడబాకు నగరీ.

పీజీ చంద్రగిరి:
అన్నా, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. మందు ఎన్నో రోజున కొట్టారు? విత్తిన ఇరవై రోజుల దరిదాపుల్లో, గడ్డి రెండు మూడు ఆకులున్నప్పుడు ఎకరాకు 300 మి.లీ. కొట్టాలి. మీరు మొన్న పెట్టిన ఫొటోలో గునుగు మోకాలెత్తు ఉంది.

పులిచెర్ల రైతు:
ముప్పై ఎనిమిదో రోజు.

పీజీ చంద్రగిరి:
అయితే అది రెసిస్టెన్స్ కాకపోవచ్చు. ముదిరిన మొక్క మామూలుగానే చావదు. తప్పు మందుది కాదు, మీది.

పులిచెర్ల రైతు:
వచ్చింది! దీనికోసమే చూస్తున్నా. షాపాయన గడ్డిదే తప్పంటాడు, కాలేజీ అబ్బోడు రైతుదే తప్పంటాడు. మందుది, అమ్మినోళ్లది ఎప్పుడూ తప్పు కాదు. ముప్పై ఎనిమిది రోజులు ఎందుకైందో అడిగినావా? సోమల అక్కా, నీకూ ఇదే జవాబు. చేత్తో తీసింది మా అమ్మ, తర్వాత నా పెండ్లాం. ఈ ఏడు ఆమెకు నడుము పట్టేసింది, మంచం దిగలేదు. కూలోళ్ల కోసం వారం తిరిగినా, తర్వాత పది రోజులు ముసురు. తప్పక మందుకు పోయినా. సరదాకి పోలేదు.

సోమల అక్క:
అన్నా, అది ముందే చెప్పుంటే నేను అట్లా అడిగేదాన్ని కాదు. అక్కకు ఇప్పుడెట్లా ఉంది?

పులిచెర్ల రైతు:
లేచి తిరుగుతోంది. వంగలేదు.

పీజీ చంద్రగిరి:
తప్పు మీదనడం నా పొరపాటు అన్నా. ఆలస్యమైందని చెప్పి ఊరుకోవాల్సింది. కానీ ఒకటి, పోయిన ఏడూ, అంతకు ముందూ ఏం కొట్టారు? సరైన రోజున కొట్టినప్పుడు కూడా మిగిలిందా?

పులిచెర్ల రైతు:
మిగిలింది. అందుకే ప్రతి ఏడూ మందు మార్చినా. మూడు డబ్బాలూ పశువుల కొట్టం అటక మీదే ఉన్నాయి. ఉండు, దించుతా.

(అరగంట తర్వాత)

మూడు పేర్లు. ఒకదానికి నీలం మూత, ఒకదానికి తెలుపు, ఈ ఏటిది ఎరుపు. మా మనవరాలు ఫోన్‌లో పెద్దది చేసి చదివింది. మూడింటి మీదా కింద చీమ తలకాయంత ఇంగ్లీషులో ఒకటే మాట. ఇమాజెథాపైర్ 10 శాతం.
మందు మార్చినానని మూడేళ్లు అనుకుంటున్నా.

కాళాస్తి వరిమడి:
నేనూ పోయి నా డబ్బాలు చూసుకోవాలి.

నగరి షాపు:
టెక్నికల్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు, రాసే ఉంటుంది కదన్నా. మేం దాచింది ఏముంది? రైతు వచ్చి "పోయినసారిది వద్దు, వేరేది ఇయ్యి" అంటాడు, వేరేది ఇస్తాం.

పులిచెర్ల రైతు:
వేరే మూత ఇచ్చినారు.
చంద్రగిరీ, నీ జన్యువుల మీద నాకు పగ లేదు. నా చేను గింజ తీసుకుపోయి చదువుతారు, దాంతో మందు చేస్తారు, అది నాలుగో రంగు మూతతో నా దగ్గరికే వస్తుంది. అప్పుడు కూడా అది ఏ ఎంజైమును కొడుతుందో నాకు తెలియదు, పనిచేయకపోతే డబ్బు తిరిగి రాదు. నా గొడవ అంతే. 1888 గురించి కాదు.

పీజీ చంద్రగిరి:
నేను పొద్దున్నుంచీ మందు ఎట్లా తయారవుతుందో మాట్లాడుతున్నా, మీరేమో అమ్మే పద్ధతి గురించి. అమ్మే పద్ధతికి నా దగ్గర జవాబు లేదన్నా. ఏ మందు ఏ చోట కొడుతుందో తెలిపే గుంపు నంబర్లు మాత్రం ఉన్నాయి. మీ మూడు డబ్బాలదీ, కాళాస్తి అన్నదీ 2. క్విజాలోఫాప్‌ది 1, కానీ అది ఊద, గరిక జాతి గడ్డికే, వెడల్పాకు గునుగును చంపదు. ఆ నంబరు మూత మీద పెద్దగా వేస్తే సగం గొడవ ఉండదు.
మీ కుండల పరీక్ష మాత్రం నేను చేస్తా. గింజ ఇవ్వండి. బతికితే ఆకు తీసి ఆ ఏఎల్ఎస్ ఒక్క జన్యువూ చదివిద్దాం, మా సార్‌ను అడుగుతా. మన గునుగులో అది మారిందో లేదో జార్జియా వాళ్లు చెప్పరు.

పులిచెర్ల రైతు:
ఫలితం ముందు నాకు చెప్పాలి. తర్వాతే ఎవరికైనా.

పీజీ చంద్రగిరి:
సరే.

సోమల అక్క:
మా గెనిమ మీది గునుగు కూడా పంపుతా. అక్కడ ఎవరూ మందు కొట్టలేదు, అమ్మే పీకేది.

పీజీ చంద్రగిరి:
పంపక్కా, పోల్చడానికి అదే కావాలి. కంకి బాగా ఎండాక నల్ల గింజ దులిపి కాగితం కవర్లో వేయండి. ప్లాస్టిక్ వద్దు, బూజు పడుతుంది. ఒక్క మొక్కది కాకుండా ఇరవై ముప్పై మొక్కలవి కలపండి. చేను పేరు కవరు మీద రాయండి.

పులిచెర్ల రైతు:
తెలుగులో రాస్తా. పెద్ద అక్షరాల్తో.